రెండు కర్రలూ, చుట్టపుచూపు పిల్లులూ

ఏమండీ, కుక్క కన్నా పిల్లి తేలిక అంటారు కదా అందరూ. నిజమే. పొద్దున్నే వీధిలో తిప్పక్కర్లేదు, స్నానం పోయక్కర్లేదు, గేటు చప్పుడైతే అపార్టుమెంటు లేచిపోయేలా అరవదు. కాళ్లు సరిగా లేనివాళ్లు పెంచుకోవాలంటే పిల్లే నయమని నాకు సలహా చెప్పినవాళ్లకి లెక్కలేదు. వాళ్లలో ఒక్కరూ చెప్పని సంగతేమిటంటే, పిల్లి చాకిరీ అంతా నేల మీదే ఉంటుంది. తిండి గిన్నె నేల మీద, నీళ్లు నేల మీద, ఇసుక ట్రే నేల మీద, వాంతి చేసుకుంటే నేల మీద, భయమేస్తే దూరేది మంచం కింద. "అదేమిటి, పిల్లి బీరువా మీద కూర్చుంటుంది కదా" అంటారేమో. అది ఎక్కేది బీరువా మీదకే. వంగాల్సింది మాత్రం మనం.

నాకు వంగడమంటే పెద్ద కార్యక్రమం. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు పూర్తిగా, కుడికాలు సగం పోయాయి. మా తరంలో ప్రతి బడిలోనూ నాలాంటి వాళ్లు ఒకరో ఇద్దరో ఉండేవారు. 2011 జనవరిలో బెంగాల్లోని హౌరా జిల్లాలో ఒక పసిపిల్లకి వచ్చిన తర్వాత దేశంలో ఆ పాత పోలియో మళ్లీ కనపడలేదు. 2014లో పోలియో లేని దేశమని ముద్ర కూడా వేశారు. అందుకని ఇప్పటి పిల్లలకి క్యాలిపర్ అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సి వస్తోంది. తొడ నుంచి బూటు దాకా అటూ ఇటూ ఇనప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర లాకు. దానికి తోడు రెండు కర్రలు. నేల మీద చెంచా పడితే ముందు కుర్చీ ఎక్కడుందో చూసుకోవాలి. కూర్చోవాలి, లాకు తియ్యాలి, వంగాలి, చెంచా తియ్యాలి, లాకు వెయ్యాలి, లేవాలి. ఈలోగా కూర అడుగంటుతుంది.

ఇలాంటి మనిషి హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటులో ఉంటూ, రెండో గది వీధి పిల్లులకి వదిలేసిందంటే మీకు నవ్వొస్తే నవ్వండి. మా అక్క అయితే నవ్వలేదు. "నిన్ను చూసుకునే దిక్కెవరే అని మేం ఏడుస్తుంటే నువ్వు పిల్లుల్ని తెచ్చిపెట్టుకుంటావా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో కూనకి పాలపొడి కలపడానికి వేడినీళ్లు మాత్రం ఉన్నాయి.

మా ఇంటికి వచ్చేవి నా పిల్లులు కావు. చుట్టపుచూపుగా వస్తాయి. కాలవలో దొరికినవి, పార్కింగులో కారు బానెట్‌లోంచి లాగినవి, తల్లిని బండి గుద్దేస్తే మిగిలిపోయినవి. కొన్ని వారాలు ఇక్కడే ఉంటాయి. నులిపురుగుల మందు, కళ్లల్లో చుక్కలు, టీకాలు, మనుషులంటే భయం పోవడం. ఆ తర్వాత ఎవరో ఒకరి ఇంటికి వెళ్లిపోతాయి. నగరంలో 1992లో అమల అక్కినేని జంతువుల కోసం మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఉంది, విశాఖలో ఎస్‌పీసీఏ ఉంది. అయితే టీకా పడని చిన్నకూనని పది జంతువులున్న చోట పెడితే జబ్బు అంటుకోవడం ఖాయం, అది ఎంత మంచి ఆశ్రమమైనా సరే. అందుకే కూనలకి ఇళ్లు కావాలి. మా ఇంట్లో వాటికి పేర్లు పోపుల డబ్బాలోంచి తీస్తాను. ఆవాలు, జీలకర్ర, మెంతి, ఇంగువ. డబ్బా ఖాళీ అయితే పప్పుల్లోకి వెళ్తాను. పేరు గొప్పగా పెడితే పంపేటప్పుడు కష్టం.

నేల గొడవ దగ్గరికి వద్దాం. నేను నేలకి దిగలేను కాబట్టి పిల్లుల సంసారాన్నే పైకి ఎత్తాను. మా అమ్మ కాలం నాటి కుట్టుమిషన్ బల్ల ఒకటుంది. మిషన్ తీసేయించి దాని మీద ఇసుక ట్రే పెట్టించాను. కూనలు ఎక్కడానికి ఏటవాలుగా ఒక చెక్క, జారకుండా దానికి గోనెపట్టా చుట్టి. పెద్ద పిల్లులు ఆ చెక్క వైపు కన్నెత్తి కూడా చూడవు, ఒక్క గెంతు. తిండి గిన్నెలు కిటికీ గట్టు మీద. ఇసుకలోంచి మలం తీసే చిన్న పార బజారులో దొరుకుతుంది, కానీ దాని పిడి జానెడు. పకోడీలు తీసే చిల్లుల గరిటె ఒకటి కొని, దాని కాడకి విరిగిన నా పాత కర్ర ముక్కని కట్టించాను. వంటింటి గరిటెతో కలిసిపోకుండా ఎర్ర టేపు చుట్టాను. ఆ టేపు సంగతి ఇంటికొచ్చే చుట్టాలకి ముందే చెప్పేస్తాను లెండి.

ఇసుకలోనూ రకాలున్నాయి. తడి తగిలితే గడ్డ కట్టే బెంటొనైట్ మట్టి అందరికీ ఇష్టం, శుభ్రం చేయడం సులువు. కానీ కూన తవ్వి బయటికి చిమ్మిందంటే నున్నటి టైల్స్ మీద ఆవాలు చల్లినట్టే. మీరైతే చీపురుతో ఊడ్చేసుకుంటారు. నా కర్ర అడుగున రబ్బరు బుష్ ఆ గింజ మీద పడిందా, కర్ర ఒకవైపు, నేనొకవైపు. పైగా మరీ చిన్న కూనలు ఆ మట్టిని తినేస్తాయి, కడుపులో గడ్డ కడుతుంది. అందుకని రంపప్పొట్టు గుళికలు వాడతాను. ట్రే చుట్టూ గరుకు చాప పరుస్తాను. పది కిలోల సంచి చవకే, ఎత్తేదెవరు? చిన్న సంచులే తెప్పించుకుంటాను. ఒంట్లో బలం తక్కువైతే జేబుకి భారం ఎక్కువవుతుందన్నది ప్రతి వికలాంగుడి ఇంట్లోనూ ఉండే లెక్క, పిల్లుల దగ్గర కొత్తగా వచ్చింది కాదు.

కాళ్లకి అడ్డం పడటం మరో బెడద. కదిలేది ఏదైనా కూనకి వేటే. నా కర్రల బుష్‌లు దానికి రెండు లావుపాటి నల్ల ఎలుకలు. క్యాలిపర్ తోలు పట్టీ కొసలు పాములు. వెనక నుంచి వచ్చి పట్టుకుంటుంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు సభ పెట్టుకున్నాయట. మా ఇంట్లో ఆ పని నేనే చేశాను. గట్టిగా లాగితే ఊడిపోయే పట్టీకి చిరుగంట. ఎక్కడైనా చిక్కుకుంటే పీక బిగిసిపోకుండా అలా ఊడిపోవాలి. గల్లుమంటే ఆగిపోతాను. చప్పుడు లేకపోతే ఇంకా భయం, ఎక్కడో మాటు వేసిందని అర్థం.

శుభ్రం సంగతి చెప్పకుండా పిల్లుల మాట ముగించలేం. మన ఇళ్లలో శుభ్రానికి ఫినాయిల్ వాసనే గుర్తు. పిల్లున్న ఇంట్లో అదే విషం. ఫినాల్ జాతి రసాయనాలని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. తడి నేల మీద నడుస్తుంది, తర్వాత పాదాలు నాక్కుంటుంది, ఇంక చెప్పేదేముంది. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే యాంటిసెప్టిక్కులు కూడా ఆ బాపతే. మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్‌కీ ఇదే కారణం, ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలూ అంతే. మా వాచ్‌మన్ భార్య ఇల్లు తుడవడానికి వస్తుంది. "ఫినాయిల్ లేకుండా తుడిస్తే తుడిచినట్టు ఎట్ల ఉంటదమ్మా" అని ఇప్పటికీ సణుగుతుంది. బ్లీచింగు నీళ్ల వాసన చూపించి ఒప్పించాను.

బ్లీచు ఎందుకంటే, వీధి కూనలతో పాటు వచ్చే ఒక జబ్బుంది. డాక్టర్లు ప్యాన్‌ల్యూకోపీనియా అంటారు, పిల్లుల వాళ్లు పాన్‌ల్యూక్ అని పొట్టిగా అంటారు. కుక్కల పార్వోకి దగ్గరి చుట్టం. పొద్దున దారపు ఉండతో ఆడిన కూన సాయంత్రానికి నీళ్ల గిన్నె ముందు తల వాల్చి కూర్చుంటుంది, తాగదు. వాంతులు, విరేచనాలు, ఒళ్లు చల్లబడటం. వైరస్‌ని చంపే మందు లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, కూన ఒళ్లే గెలిచేదాకా కాపు కాయడమే వైద్యం. చాలాసార్లు గెలవదు. మా ఇంట్లో మెంతి గెలవలేదు. ఆ వైరస్ మూలల్లో, గుడ్డల్లో ఏడాది దాకా బతికి ఉంటుంది. మామూలు సబ్బుకి, ఫినాయిల్‌కి చావదు. ఒక వంతు బ్లీచుకి 32 వంతుల నీళ్లు కలిపి, ముందు సబ్బుతో కడిగిన నేల మీద పోసి, పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది.

పది నిమిషాల తడి నేల! కర్రల మీద నడిచే మనిషికి దీనికి మించిన పరీక్ష లేదు. మా ఊరు తెనాలిలోని వడ్రంగితో ఒక చక్రాల పీట చేయించుకున్నాను. క్యాలిపర్ విప్పేసి పీట మీద కూర్చుని, గది ఆ చివర నుంచి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ తుడుచుకొస్తాను. అప్పుడు మాత్రం నేలంటే నాకు భయం ఉండదు, పడ్డానికి ఇంకా కింద చోటే లేదు కదా. అసలు మందు టీకా. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. కొత్తగా వచ్చిన కూనని రెండు వారాలపాటు మిగతావాటితో కలపకూడదు. దాని గిన్నె, గుడ్డ, గరిటె అన్నీ వేరు. మడి అంటే మా అమ్మమ్మకి ఎంత పట్టింపో, ఈ విషయంలో నాకంత.

ఆ జబ్బుకి ఇంకో ముఖం ఉంది. కడుపుతో ఉన్న తల్లికి సోకితే లోపలి పిల్లల చిన్నమెదడు సరిగా ఎదగదు. పుట్టిన కూన తల ఊపుతూ, తూలుతూ, రెండడుగులకోసారి పక్కకి ఒరిగిపోతూ నడుస్తుంది. నొప్పి ఉండదు, ముదరదు, ఆయుష్షు తగ్గదు. జీలకర్ర అలాంటిదే. దాన్ని తెచ్చిచ్చిన అమ్మాయి నా క్యాలిపర్ చూసి, కూనని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆంటీ, ఇది మీ దగ్గరికే రావాలని రాసిపెట్టి ఉంది" అంది. రాసిపెట్టినవాళ్లు దాని ట్రే ఎవరు కడుగుతారో కూడా రాసి ఉంటే బాగుండేది! నాకు పోలియో వెన్నుపాములో నరాలని తినేసింది, దానికి ఇంకో వైరస్ చిన్నమెదడుని ఆపేసింది. ఇద్దరం తూలుతాం, అంతకు మించి మాకు పోలిక లేదు. అది ఎలకతోలు బొమ్మని పట్టుకోవాలనుకుని గోడని గుద్దుకుంటుంది, లేస్తుంది, మళ్లీ గురి చూస్తుంది. నేను గోడని గుద్దుకుంటే వారం రోజులు అదే తలచుకుంటాను. దానికి ఎత్తు అంచులున్న ట్రే కావాలి, ఒరిగి నిలబడటానికి. నున్నటి టైల్స్ వద్దు, గరుకు పట్టా కావాలి. నాకూ అదే కావాలి కాబట్టి ఆ గదిలో పట్టా ఇద్దరికీ పనికొచ్చింది.

మీకు నిజంగా చెప్పాల్సిన కష్టం ఒకటుంది, బయటికి కనపడదు. చేతులు. పిల్లి కరిస్తే అందరికీ చేతి మీద గాయం. నాకు చేతులే కాళ్లు. పిల్లి కోర సూదిలా లోతుగా దిగుతుంది, పైన చుక్క కూడా కనపడదు, లోపల చీము పడుతుంది. అరచెయ్యి వాచిందంటే కర్ర పట్టుకోలేను. కర్ర పట్టుకోలేకపోతే మంచం దిగలేను. అందుకని వెల్డింగు చేసేవాళ్లు వేసుకునే తోలు గ్లోవ్స్ కొన్నాను. మందు వేయాలంటే మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని, కూనని తువాలులో మెడ దాకా చుట్టి, ఒళ్లో పెట్టుకుని, నోటి పక్క నుంచి సిరంజితో మందు పోస్తాను. నిలబడి చేసే పని ఏదీ పెట్టుకోను. గీరినా కరిచినా సబ్బుతో పావుగంట సేపు పారే నీళ్ల కింద కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లడం తప్పదు, ఇంట్లో ఉన్న పిల్లేగా అని ఊరుకోకూడదు.

కోపిష్టి గండుపిల్లుల్ని అందుకే తీసుకోను. కళ్లు తెరవని కూనల్నీ తీసుకోను. మొదటి వారాల్లో వాటికి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, తడి దూదితో తుడిస్తే గానీ మూత్రం కూడా రాదు, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం చేతకాదు. అర్ధరాత్రి క్యాలిపర్ బిగించుకుని లేచి, ఇంకో రెండు గంటలకి మళ్లీ బిగించుకుని లేవడం నా వల్ల కాదు. పోలియో వచ్చినవాళ్లకి వయసు మీదపడ్డాక మిగిలిన కండరాలూ అలిసిపోతాయి. బలం ఖర్చు పెట్టడంలో పిసినారిగా ఉండమని డాక్టర్లు చెప్తారు. "లేదండీ, నా వల్ల కాదు" అనడం మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు అలా అనలేనివాళ్లని చూస్తేనే జాలి. ఓపిక లేని చేతుల్లో కూన బతకదు, ఆ చేతులూ బతకవు.

నాకు ఓపికున్న పని మరొకటి ఉంది. కూర్చోవడం! వీధిలో పుట్టిన కూనకి రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషిని నమ్మడం నేర్చుకునే వయసు. అది దాటితే కష్టమే, కానీ కుదరదని కాదు. బుస్సుమనే కూనకి కావలసింది బొమ్మలూ ముద్దులూ కాదు. ఒక మనిషి కదలకుండా, మాట్లాడకుండా, దాని వైపు గుచ్చి చూడకుండా గంటల తరబడి అదే గదిలో ఉండాలి. మా మేనకోడలు వచ్చి పావుగంటకే ఫోన్ తీస్తుంది, లేస్తుంది, తలుపు తీస్తుంది, కూన మళ్లీ బీరువా వెనక్కి. నేను చక్రాల పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటూ ఉంటాను. వాటి కంటికి నేను కాళ్లున్న రాక్షసిని కాదు, సామాన్లలో ఒక సామాను. కళ్లు సగం మూసి నెమ్మదిగా తెరిస్తే పిల్లి కూడా అలాగే చేస్తుందనీ, అలా చేసిన కొత్త మనిషి దగ్గరికైనా వస్తుందనీ 2020లో ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలించి రాశారు. నేనూ చేస్తాను. చూసినవాళ్లు నిద్రొస్తోందనుకుంటారు.

తిండి దగ్గర ఇంకో తగువు. పిల్లిని పెరుగన్నంతో పెంచొచ్చని పై ఫ్లోరు పిన్నిగారి నమ్మకం. పెడితే తింటుంది, కాదనను. కానీ టారిన్ అనేది ముఖ్యంగా మాంసంలోనే దొరుకుతుంది, పిల్లి ఒళ్లు తగినంత చేసుకోలేదు. చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె నీరసిస్తుంది. పాల సంగతి మా తెనాలి వాళ్లకి ఎప్పుడో తెలుసు. రాయలవారిచ్చిన ఆవు పాలు పిల్లికి పొయ్యకుండా రామకృష్ణుడు వేడి పాలతో దాని మూతి కాల్చాడు, ఆ తర్వాత పాలు చూస్తే పరుగు. మూతి కాల్చడం దుర్మార్గమే గానీ, ఆవుపాలు చాలా పిల్లులకి అరగవు, కూనలకి విరేచనాలు పట్టుకుంటాయి.

బాల్కనీ ఇంకో గండం. హైదరాబాద్‌లో పావురాల కోసం నైలాన్ వల కట్టని అపార్టుమెంటు అరుదు. పిల్లి దాన్ని ఓ పూటలో కొరికేస్తుంది, ఇనప జాలీ వేయించాలి. పిల్లి ఎక్కడి నుంచి పడినా కాళ్ల మీదే పడుతుందని అందరూ అంటారు. న్యూయార్కులో మేడల మీంచి పడ్డ 132 పిల్లుల గురించి 1987లో ఇద్దరు పశువైద్యులు రాశారు. నూటికి తొంభై బతికాయి, నిజమే. ఛాతీ దెబ్బలు, దవడ చీలికలతో బతికాయి. పడటం గురించి కొద్దో గొప్పో అనుభవం ఉన్నదాన్ని చెప్తున్నాను, ఎలా పడ్డామన్నది కాదు, తర్వాత ఎవరు లేపుతారన్నది ముఖ్యం.

ఆసుపత్రికి తీసుకెళ్లడం అసలు పండగ. రెండు చేతుల్లో కర్రలుంటే పిల్లి బుట్ట ఎక్కడ పట్టుకోను? పై నుంచి తెరుచుకునే బుట్టని సామాను ట్రాలీకి బిగించి, నడుముకి బెల్టు కట్టి లాక్కుపోతాను. లోపలి పిల్లి దారంతా నా పరువు తీస్తూ అరుస్తుంది. కొందరు ఆటోవాళ్లు బుట్ట చూసి ఆగకుండా పోతారు. మా వైపు ఒక పశువుల ఆసుపత్రికి మెట్లే గానీ ర్యాంపు లేదు. జనం వచ్చే ప్రతి కట్టడం, ప్రైవేటుదైనా సరే, మాలాంటివాళ్లు లోపలికి రాగలిగేలా ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్తుంది. చట్టం ఇంకా ఆ మెట్లు ఎక్కలేదు. కాంపౌండరు కుర్రాడు మాత్రం ఎప్పుడూ కిందికి దిగుతాడు. "అమ్మా మీరు కూర్చోండి, డాక్టరుగారే వస్తారు" అంటాడు. టీకాలు చాలావరకు ఆటోలోనే పడ్డాయి.

పంపేటప్పుడు ఏడుస్తావా అని అడుగుతారు. తీసుకోవడానికి వచ్చేవాళ్లని ప్రశ్నలడగడంలోనే నా ఓపికంతా అయిపోతుంది. జాలీ ఉందా, ఆరు నెలలకి ఆపరేషన్ చేయిస్తారా, ఊరెళితే ఎవరు చూస్తారు. వాళ్ల ప్రశ్నలు వేరు. తెల్లది లేదా, బొచ్చుది లేదా, నల్లదైతే మా అత్తగారు ఒప్పుకోరండీ. ఇంగువ నల్లగా ఉంటుంది, దాని తోబుట్టువులు వెళ్లిపోయాక కూడా చాలాకాలం ఇక్కడే ఉంది. చివరికి ఒక రిటైర్డు మాస్టారు తీసుకెళ్లారు. రోజూ పొద్దున ఆయన బయల్దేరగానే ఎదురొస్తుందట, అయినా పెన్షన్ సకాలంలోనే పడుతోందట. మూడు రంగుల మగపిల్లి కావాలని అడిగినాయన ఒకాయన ఉన్నాడు. మూడు రంగులవి దాదాపు అన్నీ ఆడవేనని చెప్తే, నేనేదో దాచిపెట్టుకున్నట్టు చూశాడు. జీలకర్ర ఇంకా ఉంది. అడిగేవాళ్లుంటే చెప్పండి, కింద ఫ్లోరులో ఇల్లు, గరుకు నేల అయి ఉండాలి.

ఒక మాట. మీ వీధిలో కూనలు కనపడగానే గబుక్కున ఎత్తుకొచ్చేయకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు. ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని చోటు మారుస్తూ మధ్యలో వదిలి వెళ్లి ఉండొచ్చు. కూనలు వెచ్చగా, నిదానంగా పడుకుని ఉంటే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి, తల్లి వస్తుంది. పాలు మానాక తల్లికి కూడా ఆపరేషన్ చేయిస్తే మరీ మంచిది, పిల్లికి గర్భం రెండు నెలలే, మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. తల్లి రాలేదు, కూనలు చల్లబడిపోతున్నాయి, అరుస్తున్నాయి అంటే అప్పుడు గుడ్డలో చుట్టి ఒంటికి హత్తుకుని తీసుకురండి. చల్లబడిన కూనకి పాలు పోయకండి, ముందు వెచ్చబరచాలి. కళ్లు తెరిచినవైతే మా ఇంటికి తేవచ్చు. తెరవనివైతే రాత్రుళ్లు మేలుకోగల అమ్మాయిలు ఇద్దరున్నారు, కబురు నేను చేస్తాను. మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు పనిచేస్తోందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని మరీ బయల్దేరండి.